తలకిందుల అ

మా తాతమ్మ నూకాలు రాసే అ
తలకిందులుగా ఉండేది.

కరణంగారి అరుగు మీద బడి నడిచే రోజుల్లో
అరుగెక్కడానికి వీల్లేని కులం ఆవిడది.
గేదెని తోలుకెళ్తూ వీధిలో ఆగి
ఎదర నించి చూసేది.
అరుగు మీద ఇసుక పరిచి
పిల్లల వేళ్ళు పట్టుకుని దిద్దించేవారు పంతులుగారు.
వాళ్ళ మొహాలు వీధి వైపు,
అందుకని ఈవిడకి అక్షరాలన్నీ
కాళ్ళు పైకీ తల కిందికీ అందాయి.
అలాగే నేర్చుకుంది, కాలి బొటనవేలితో,
గిట్టల మధ్య దుమ్ములో.
కోదండం వేసిన కుర్రాడి కేకలు వినపడితే
గేదెని అదిలించి గబగబా నడిచేది.
మర్నాడు మళ్ళీ వచ్చి నిలబడేది.

ముసలితనంలో, పింఛను కాగితం మీద
వేలిముద్ర వెయ్యనని సంతకం పెట్టిందట.
గుమాస్తా కాగితాన్ని తన వైపు తిప్పుకుని నవ్వాడట.
"తిప్పకుండా చూడు నాయనా,
నీకు తిన్నగానే ఉంటాది" అందట.

నేనిప్పుడు ఈ లంకలో అంగన్‌వాడీ పంతులమ్మని.
కొబ్బరి డొక్కలు దింపే కొట్టులో సగం మాకు అద్దె.
పందొమ్మిది మంది పిల్లలు, పన్నెండు చాపలు.
గుడ్లొచ్చిన రోజు ఇరవైముగ్గురు.

కాకినాడ శిక్షణలో చెప్పారు:
పిల్లాడు ఖాళీ పలక, అన్నాడట సముద్రాల అవతల ఒకాయన.
కాదు మొక్క, బడి ఒక తోట, అన్నాడట ఇంకొకాయన.
చేతికి పనిచ్చి మీరు అడ్డు తప్పుకోండి, అందట ఒకావిడ.
అయిదేళ్ళదాకా రాజులా చూడమన్నారు మనవాళ్ళని
ఒక మేష్టారు శ్లోకం చదివారు.
నేను అన్నీ రాసుకున్నాను.
రాజుగారి ముక్కు ఎవరు తుడవాలో
ఎవరూ చెప్పలేదు.

ఓనమాలు అనేస్తాం గాని
ఆ మాట లోపల ఎందరి అడుగులో.
శివుడికి దండం పెట్టించి, వెంటనే సిద్ధానికీ పెట్టిస్తారు;
అది ఏ జైనులో వదిలి వెళ్ళిందంటారు తెలిసినవాళ్ళు.
మతాలు వచ్చాయి, తగువులాడుకున్నాయి,
పసివాళ్ళ నాలుక మీద మాత్రం సర్దుకు కూర్చున్నాయి
పంటు మీద గేదెలూ మోటారుసైకిళ్ళూ పెళ్ళివారూ
ఒక్క రేవు కోసం సర్దుకున్నట్టు.
తాతమ్మనే ఎక్కనివ్వలేదు.

చివరింటి ఏసుపాదం కొడుకు హనోకు
నాలుగు నిండినా బలపం ముట్టడు.
ఫోనులో వాడి పేరు పక్కన గడి
ఎర్రగానే ఉంది మూణ్ణెల్లుగా.
"ఏం చేస్తున్నారమ్మా?" అంటుంది సూపర్‌వైజరు.
చూస్తున్నానండీ, అంటాను.
ఆ జవాబుకి గడి లేదు.

వరద తీసిన నాలుగోనాడు
పిల్లల్ని రేవుకి తీసుకెళ్ళాను.
కొత్త ఇసుక. మొన్నటిదాకా ఇది ఈ ఊరిది కాదు.
ఏ నాసిక్ కొండనో, ఏ శబరి ఒడ్డునో
గీరి తెచ్చింది గోదారి.
ఖాళీ పలక అన్నాయనకి చూపించాలి దీన్ని:
తడిగా, నున్నగా, ఏమీ రాయనట్టే ఉండి
లోపలంతా ఎక్కడెక్కడి ఊళ్ళో.

హనోకు ఒక ఎండ్రకాయ వెంట పడ్డాడు.
అది కన్నంలో దూరింది.
వాడు కూలబడి కన్నం చుట్టూ వేలు తిప్పాడు.
మళ్ళీ తిప్పాడు. నా వైపు చూశాడు.
"సున్న" అన్నాను.
"కాదు, ఎండ్రకాయిల్లు" అన్నాడు.

సరే, ఎండ్రకాయిల్లే.
సున్న ఒక్కటే ఉంటే ఎలాగూ పలకదు,
ముందొక అక్షరం వచ్చి చెయ్యి పట్టుకోవాలి.
రేపొస్తుందో, వచ్చే వరదకొస్తుందో.

వాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని
వాడి వైపు నించి తిన్నగా కనపడేలా
ఒక అ రాయబోయాను, తలకిందులుగా.
కుదరలేదు. చెరిపాను. మళ్ళీ రాశాను.
తాతమ్మా,
ఎంత కష్టమే ఇది.